క్లెయిమ్ లేని అయిదేళ్ళు

జూన్ 1

నాన్న తమ్ముడికి కారు కొంటున్నాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాడు.

"కృష్ణగిరిలో నీలం కారు ఒకటి మాట్లాడినాను పాపా, మన ధనుష్‌కి. గ్రానైటు వ్యాపారం చేసే వాళ్ళది. రెండేండ్లే తోలినారంట. పులి మాదిరి పోతాదంట."

నేను అడగకుండానే అమ్మ నా కంచంలో ఇంకో సంగటి ముద్ద పెట్టింది.

సంతోషమే. వాడికి ఇరవై ఒక్కేళ్ళు. జనవరిలో లైసెన్సు వచ్చిందని వీధంతా మైసూరుపాకు పంచాడు. చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి వాడికి. నాకేం బాధ లేదు. నాకు నా కారుంది.

జూన్ 2

నాకేం బాధ లేదని నిన్న రాశాను. నిజంగానే లేదు.

జూన్ 4

బాగలూరులో మా రోజాతోట రెండెకరాలు ఫ్యాక్టరీ కట్టేవాళ్ళకు అమ్మినప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో నా సంతకాలు నాలుగు, ధనుష్‌వి నాలుగు. నాకు గొలుసు వచ్చింది. వాడికి రెండు లీటర్ల టర్బో ఇంజను వస్తోంది.

గొలుసు బాగుంది.

జూన్ 8, ఆదివారం

కృష్ణగిరికి నలుగురం నా కారులోనే పోయాం, నేనే నడిపాను. పాతపేటలో వాళ్ళ ఇల్లు. ఆ ఇంటాయన తాళంచెవి తెచ్చి, ఒక్క క్షణం మా నలుగురి వైపూ చూసి, ధనుష్ చేతిలో పెట్టాడు. చూడాల్సిన అవసరం కూడా లేదు ఆయనకు. సుమ్మా, ఊరికే చూశాడు.

వచ్చేటప్పుడు నాన్న వాడి పక్కన కూర్చున్నాడు. నేనూ అమ్మా నా కారులో వెనక వచ్చాం. హైవే ఎక్కగానే వాడు కాలు నొక్కినట్టున్నాడు. నీలం కారు ముందుకు వంగినట్టయి, మాయమైంది. నా కారు ఎనభై దాటితే స్టీరింగు వణుకుతుంది. అయిదేళ్ళుగా వణుకుతోంది, నేను పట్టించుకోలేదు. ఇవాళ పట్టించుకున్నాను.

"నిదానంగా పోమ్మా, మనకేం తొందర," అంది అమ్మ.

వాడు బ్రేకు ఆలస్యంగా నొక్కుతాడు. హైవే ఎక్కకముందే, లారీ వెనక వాడి కారు ఎర్ర దీపాలు రెండు సార్లు ఉన్నట్టుండి వెలగడం చూశాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే నేను ఏదో పెట్టుకుని చెప్పినట్టుంటుంది.

జూన్ 11

ఆ కారు ఇన్సూరెన్సు ఈ నెల ముప్పైతో అయిపోతుంది. కొత్తది వెతికే పని నాన్న నాకు అప్పగించాడు. "నువ్వు కంపెనీలో పని చేసేదానివి, నీకు ఇవన్నీ తెలుస్తాయి పాపా." మూకండపల్లిలో నేను చేసే పని, తయారైన నట్లను గేజీలో పెట్టి సరిపోయాయా లేదా చూడటం. దానికీ దీనికీ ఏం సంబంధమో తెలియదు. సరేనన్నాను.

మొదటి కంపెనీ డెబ్బై రెండు వేలు చెప్పింది, సంవత్సరానికి. సాయంత్రం ఇంట్లో చెప్పాను. ధనుష్ ముఖం వాడిపోయింది. నాన్న, "అంతా?" అన్నాడు.

అమ్మ కాఫీ ఇచ్చింది. ఇవాళ కాఫీ చాలా బాగుంది.

జూన్ 14

రెండో చోట కుదరదనే అన్నారు. రేటు వయసును బట్టి కాదు, కారును బట్టి అనే అందరూ చెబుతారు. కానీ ఇంత వేగం పోయే కారు, నడిపేది ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు అనగానే ఫోనులో గొంతులు మారిపోతాయి. ఆ అమ్మాయి, "సారీ మేడమ్" అంది. "అయ్యో పర్వాలేదమ్మా," అన్నాను. మరీ హుషారుగా అన్నానేమో.

జూన్ 17

మూడో కంపెనీ యాభై ఎనిమిది వేలు. మంచి రేటే. అన్నీ కలిపే.

ఇంట్లో ఇంకా చూస్తున్నాను అన్నాను. చూస్తూనే ఉన్నాను కదా, అబద్ధమేం కాదు. ముప్పై దాటాక రెండు వారాలు ఆ కారు షెడ్డులో ఉంటే ఎవరికి నష్టం?

కేశవప్పను అడగలేదా అని అమ్మ అడిగింది. నా కారుకు ప్రతి సంవత్సరం ఆయనే ఇన్సూరెన్సు చేస్తాడు. ఆయన ఆఫీసు దూరం, వీలు కాలేదు అన్నాను.

జూన్ 20

కేశవప్ప ఆఫీసు నేను రోజూ పోయే దారిలోనే ఉంది. అది నాన్నకు తెలుసు. ఇవాళ తానే ధనుష్‌ను వెంటబెట్టుకుని పోయాడు. సాయంత్రం కేశవప్పనే ఇంటికి తీసుకొచ్చాడు. 

"పాపను ఇంట్లో పెట్టుకొని యాడాడో తిరగతా ఉండారు కదప్పా నారాయణప్పా," అన్నాడు కేశవప్ప, నన్ను చూసి నవ్వుతూ. "ఈ పాప అయిదేండ్లలో ఒక్క క్లెయిమూ చెయ్యలేదు. ఒక్క గీత గూడా పడలేదు కారుకు. దానికి కంపెనీ బోనస్సు ఇస్తాది. ఆ బోనస్సు కారుది కాదు, మనిషిది. పాప తన కారు అమ్మేసి, ఈ నీలం కారు తన పేరు మీద రాయించుకుంటే, కారు దెబ్బలకని కట్టే దాంట్లో సగానికి సగం తగ్గిపోతాది."

"అక్క పేరు మీదే పెడదాం నాయినా," అన్నాడు ధనుష్ వెంటనే. 

వాడు అంత సులువుగా అంటాడనుకోలేదు. నా పేరు మీద. వాడి కారు నా పేరు మీద.

జూన్ 21

నా అయిదేళ్ళు వాడికి యాభై శాతం.

జూన్ 23

కుదరదని చెప్పాలనే ఇంటికొచ్చాను. నాన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. తోట పోయినప్పటి నుంచీ పొద్దున్నే ఎక్కడికి పోవాలో తెలియని మనిషిలా ఉంటాడు. 

"నీకు ఇష్టం లేకపోతే వద్దులే పాపా. వాడికి ఏదో ఆశ పెట్టేసినాను."

"నేను పనికి ఎట్ల పొయ్యేది నాయినా?"

"కంపెనీ బస్సు మన సందు మొగలోనే నిలస్తాది కదమ్మా. వాడు గూడా దింపుతాడు. రెండు కార్లెందుకు ఒక ఇంటికి?"

ఒక ఇంటికి రెండు కార్లు ఎందుకు? మరి ఆ ఒక్క కారు నాదెందుకు కాకూడదు? ఇది అడగలేదు. సరేనన్నాను. ఆర్సీలో పేరు నాదే కదా అనిపించింది. ఎం. ఎన్. పవిత్ర. ఆ పేరు ఆ కారు పక్కన ఎలా ఉంటుందో ఒకసారి కాగితం మీద రాసి చూసుకున్నాను. ఇక్కడ కాదు, పాల బిల్లు వెనక. చించేశాను.

జూన్ 27

నా కారును రేణు కొనుక్కుంది. మా కంపెనీలోనే పని చేస్తుంది, ఉద్దనపల్లి అమ్మాయి. సీటు ముందుకు జరుపుకుని, అద్దం తన వైపు తిప్పుకుని, "ఎంత బాగా పెట్టుకున్నావక్కా," అంది. 

పాలసీ వచ్చింది. నలభై నాలుగు వేలు. లైసెన్సు కాపీ నాదే ఇచ్చాం.

జూలై 16

బస్సులో పోతున్నాను. కిటికీ పక్క సీటు దొరకాలంటే ఆరుంపావుకే నిలబడాలి. ధనుష్ దింపుతానన్నది మొదటి వారం రెండు రోజులు. ఇవాళ సిప్‌కాట్ ఫ్యాక్టరీల మలుపులో మా బస్సును దాటి పోయాడు. హారను కొట్టాడు, నన్ను చూసి కాదు. నా పక్కనామె, "ఎవరిదో అంత డబ్బు," అంది.

నాదే అందామనుకున్నాను. అనలేదు. 

జూలై 30

వాడి స్నేహితులు కూర్చుంటున్నారు అందులో. నాన్న కూర్చుంటున్నాడు. మొన్న మా వీధి కుక్క కూడా దాని కింద పడుకుంది. నేనైతే దాన్ని కొన్న రోజు కృష్ణగిరిలో ముట్టుకున్నాను, అంతే.

ఆగస్టు 10, ఆదివారం

ధనుష్ నిద్రలో ఉన్నాడు. తాళంచెవి మేకుకే ఉంది. అమ్మతో పెట్రోలు పోయించుకొస్తానన్నాను.

శూలగిరి దాకా పోయాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. కాలు పెట్టీ పెట్టకముందే అది అర్థం చేసుకుంటుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది. నూటపదిలో కూడా స్టీరింగు చేతిలో చల్లగా, కదలకుండా ఉంది. నాకు గట్టిగా నవ్వొచ్చింది, ఒక్కదాన్నే. వాడికంటే నేను బాగా నడుపుతాను. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, గేజీ పెట్టి చూసినట్టు చెబుతున్నాను. మలుపులో వాడు బ్రేకు నొక్కే చోట నేను ముందే వదిలేస్తాను. 

శూలగిరి దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కాగితాల కోసం డాష్‌బోర్డు అర తెరిచాను. నన్ను ఆపలేదు, పొమ్మని చెయ్యి ఊపారు. కానీ అర తెరిచే ఉంది. ఆర్సీ కింద ఇంకో కాగితం. ధనుష్ ఫోటో. ఎల్.ఎల్.ఆర్. నేర్చుకునే వాళ్ళకిచ్చే కాగితం, జూన్‌లో మళ్ళీ తీసుకున్నది.

జనవరిలో మైసూరుపాకు పంచాడు కదా.

పక్కకు ఆపి రెండు సార్లు చదివాను. అప్పుడు అర్థమైంది, అక్క పేరు మీదే పెడదాం అని అంత తొందరగా ఎందుకన్నాడో. తన పేరు మీద రాస్తే కేశవప్ప లైసెన్సు అడిగేవాడు.

కాగితాన్ని ఎక్కడుందో అక్కడే పెట్టాను. తాళంచెవి మేకుకు తగిలించాను. వాడు ఇంకా లేవలేదు.

ఆగస్టు 11

చెబుతాను. ఈ వారంలో చెబుతాను.

ఆగస్టు 19

చెబితే కారు అమ్మేస్తారు. పాపం వాడు బాధపడతాడు. అందుకే చెప్పలేదు.

ఆగస్టు 24

అందుకు కాదు. ఎవరైనా పోలీసు వాణ్ణి నడిరోడ్డులో ఆపాలి. నాన్నను పిలిపించాలి. నేను చెప్పినట్టు కాకుండా, అందరికీ తెలియాలి. 

ఇది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. 

సెప్టెంబరు 6, శనివారం

ధనుష్ కారు కింద మనిషి పడ్డాడు.

బతికే ఉన్నాడు. ఉద్దనపల్లి దాటాక, రాయకోట రోడ్డులో, సాయంత్రం అయిదింటికి. సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుని తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ముసలాయన. మారియప్ప అట పేరు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ధనుష్ పారిపోలేదు. వాడే ఎత్తి కారులో పడుకోబెట్టి కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి ఫోను చేశాడు. నాన్నకు కాదు, నాకు.

"అక్కా, బ్రేకు పడలేదక్కా."

పడింది. ఆలస్యంగా పడింది. నాకు తెలుసు.

సెప్టెంబరు 7

పొద్దున్నే ఆసుపత్రికి పోయాను. మారియప్ప మంచం పక్కన నేల మీద ఆయన భార్య కూర్చుని ఉంది. దొడ్డమ్మ అంటారట అందరూ. చేతి నిండా గడ్డి కోతలు. 

"నీ కారా అమ్మా?"

"నాదే అవ్వా."

ఈ మూడు నెలల్లో నాది అన్నది ఇదే మొదటిసారి. 

"రెండావులుండాయి ఇంటికాడ," అంది ఆమె. తిట్టలేదు. "నిన్నట్నించి గడ్డి వేసేవాళ్ళు లేరు. పక్కింటోళ్ళకి చెప్పొచ్చినాను. వేసినారో లేదో."

మధ్యాహ్నం ఇంట్లో కేశవప్ప. ధనుష్ లైసెన్సు సంగతి అప్పటికి బయటపడింది, వాడే ఏడుస్తూ చెప్పేశాడు. రెండుసార్లు పరీక్ష పోయిందట. కేశవప్ప కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. లైసెన్సు లేనోడు నడిపినాడంటే కంపెనీ ముసలాయనకు కోర్టు చెప్పినంత కట్టి, దాన్ని మళ్ళీ ఓనరు దగ్గర వసూలు చేస్తుంది. ఓనరంటే నేను. 

"ఎవరు తోలినారో అది మీరు చెప్పల్ల. నేనేం చెప్పను," అని చెప్పులు వేసుకుని పోయాడు.

నాన్న లేచి వీధి తలుపు మూసి వచ్చాడు. తరువాత నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు తోలినట్టు చెప్తే కంపెనీనే కట్టేస్తాది పాపా. నీకు లైసెన్సు ఉండాది. నీ మీద ఇంతవరకు ఒక్క మాట లేదు. వాడు చిన్నోడు, వాడి బతుకు..."

వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. మా అమ్మ గొంతు పెంచగా నేను విన్నది నా జన్మలో రెండు మూడు సార్లు.

"దాని సంతకం తీసుకున్నారు. దాని కారు అమ్మించినారు. దాని పేరు తీసుకున్నారు. ఇప్పుడు నోరు గూడా కావల్లా మీకు?"

నాన్న తల వంచుకున్నాడు. ధనుష్ గోడ వైపు తిరిగాడు. 

రేపు స్టేషనుకు రమ్మన్నారు.

సెప్టెంబరు 8

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. 

స్టేషనుకు పోయే దారిలో నేను నిజమే చెబుతానని తేల్చుకున్నాను. తేల్చుకోగానే ఒంట్లో తేలికైంది. పాట పాడాలనిపించేంత తేలిక. బస్సులో ముందు సీట్లో నాన్న మెడ కనబడుతోంది, ముడతలు పడి. పక్కన ధనుష్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నాకు సంతోషంగా ఉంది. నిజం చెప్పే మనిషికి ఇంత సంతోషం ఎందుకు? ఎవరూ నన్ను తప్పు పట్టలేరు. నేను నోరు తెరిస్తే చాలు, వాడు మునిగిపోతాడు, నేను మంచిదాన్నే అవుతాను. జూన్ నుంచి నేను ఎదురు చూసింది ఇదే కదా అనిపించింది. అసూయ. ఈ డైరీలో ఆ మాట ఇంతవరకు రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, ఎక్కడా లేదు. 

ఎస్సై తమిళంలో అడిగాడు, నేను తమిళంలోనే చెప్పాను. 

"బండి ఎవరిది?"

"నాది."

"నడిపింది?"

"మా తమ్ముడు. వాడికి ఎల్.ఎల్.ఆర్. మాత్రమే ఉంది. పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళెవరూ లేరు."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఎస్సై రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు, "మీకు ఈ విషయం ముందు తెలియదు కదా?"

కదా అన్నాడాయన. ఒక్క తల ఊపితే సరిపోయేది. వాడు మునిగేవాడు, నేను గట్టు మీద ఉండేదాన్ని. 

"తెలుసు," అన్నాను. "ఆగస్టు పదో తేదీ నుంచి తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

ఆయన పెన్ను ఆగింది. "తెలిసీ బండి ఇచ్చారంటే మీ మీద కూడా రాయాలమ్మా."

"రాయండి సార్."

ధనుష్ నా వైపు తిరిగి చూశాడు. వాడి ముఖంలో కోపం లేదు. అంతకంటే చెడ్డది ఏదో ఉంది. ఆ తేలిక నాలో ఎప్పుడు పోయిందో తెలియదు, బయటికొచ్చేటప్పటికి లేదు.

సెప్టెంబరు 9

ఎవరూ మాట్లాడలేదు.

సెప్టెంబరు 13

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ టిఫిన్ డబ్బా ఇచ్చేటప్పుడు నా చెయ్యి కాసేపు పట్టుకుంది.

అక్టోబరు 4

నీలం కారు అమ్మేశాం. కోర్టు తేలేదాకా ముసలాయన కాలు ఆగదని నాన్నే అన్నాడు. ఆ డబ్బుతో ఆపరేషను చేయించాడు, రాడ్డు వేశారు. అమ్మిన కాగితాల మీద ఓనరు సంతకం నాది, రెండు చోట్ల. కొన్నవాడు తాళంచెవి కోసం ధనుష్ వైపు చెయ్యి చాచాడు. ధనుష్ నా వైపు చూపించాడు. 

కారు సందు మలుపు తిరిగేదాకా చూశాను. అంత జరిగినా ఒకసారి నడిపితే బాగుండు అనిపించింది. 

నవంబరు 5

ధనుష్ పొద్దున అయిదున్నరకే ఎక్కడికో పోతున్నాడు. బస్సులో. తొమ్మిదికి వచ్చి, స్నానం చేసి కాలేజీకి పోతున్నాడు. ఎక్కడికని నాన్న అడగడు. నాతో వాడు రెండు నెలలుగా మాట్లాడలేదు.

నవంబరు 14

రేణుదీ మారియప్పదీ ఒకే ఊరు, ఉద్దనపల్లి. ఇవాళ క్యాంటీనులో రేణు చెప్పింది. "మీ తమ్ముడు రోజూ మా ఊరికి వస్తా ఉండాడక్కా. మారియప్ప తాత ఆవులకు గడ్డి కోసి ఏసి పోతాడు. దొడ్డమ్మ ఊరంతా చెప్పుకుంటాది, బంగారమట్ల పిల్లోడని."

బంగారమా? 

గుద్దినవాడు బంగారం. నేను నిజం చెప్పాను, నా మీద కేసుందని పని చేసే చోట నోటీసు ఇచ్చేదాకా పోయింది, కోర్టు ఏం తేల్చినా ఇన్సూరెన్సు కంపెనీ నా దగ్గరే వసూలు చేస్తుంది. నన్ను ఎవరూ బంగారం అనలేదు. మధ్యాహ్నం అంతా గేజీలో నట్లు సరిగ్గా కూర్చోలేదు. మూడు సార్లు మళ్ళీ చూశాను. నట్లు బాగానే ఉన్నాయి.

ఆదివారం నేనూ పోతాను. ఎందుకు పోతున్నానో నన్ను నేను అడగను.

నవంబరు 16, ఆదివారం

తెలుసు, మంచితనంతో పోలేదు.

మొదటి బస్సుకే పోయాను, ధనుష్ ఎక్కిన బస్సు. వాడు ముందు కూర్చున్నాడు, నేను వెనక. దిగాక వాడు నడిచాడు, నేను వెంట నడిచాను. మారియప్ప వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడట. దొడ్డమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా గూట్లోంచి ఇంకో కొడవలి తీసి ఇచ్చింది. 

చెరుకు తోట గట్టు పక్కన గడ్డి మోకాలెత్తుంది. ధనుష్ ఒక వరసలో వంగాడు. నేను పక్క వరసలో వంగాను. పది నిమిషాలకే వేలు తెగింది. 

"వేర్లకాడ పట్టుకోవద్దు. పైన పట్టుకో," అన్నాడు వాడు. రెండు నెలల తరువాత మొదటి మాట.

పైన పట్టుకున్నాను. కాసేపయ్యాక మళ్ళీ వాడే అన్నాడు, నా వైపు చూడకుండా.

"నీకు తెలిసీ ఎందుకు చెప్పలేదక్కా?"

నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. నాలుగూ ఈ డైరీలోనే ఉన్నాయి.

"నువ్వు పట్టుబడల్లని," అన్నాను.

వాడి కొడవలి ఆగింది. పైన కొంగలు పోయాయి. తరువాత మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు, ఇంతకు ముందు కంటే నెమ్మదిగా.

"నేను ఫెయిలైనానని నాయినకైనా చెప్పింటాను. నీకు చెప్పలేకపోయినాను. నువ్వు ఏ పరీక్షకు పోయినా ఒకే దెబ్బకు పాసవతావు. నాయిన దాన్ని ఇంటికొచ్చినోళ్ళందరికీ చెప్తాడు. నీకేమో అది వినబడదు."

నిజంగానే నాకు వినబడలేదు. నాన్న అలా చెబుతాడని నాకు ఇవాళే తెలిసింది.

"ఇంక నుంచి యాడికైనా పోతే చెప్పి పో," అన్నాను.

"నువ్వు గూడా," అన్నాడు.

రెండు మోపులు కట్టాం. దొడ్డమ్మ వచ్చి ముందు వాడి మోపు ఎత్తి చూసింది, తరువాత నాది ఎత్తింది. 

"ఈ పాపది బరువుండాది," అంది. 

సంతోషమేసింది. వాడి ముఖం ఎలా ఉందోనని చూశాను కూడా. వెంటనే సిగ్గేసింది. రెండూ రాసుకుంటున్నాను.